గీత కొట్టిన వరుస

నేను ఆరేళ్ళపాటు ఒక మనిషి చేతిరాతతో కాపురం చేశాను. అతని పేరు నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. అయిదు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఏదో మఠంలో కూర్చుని, చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థనల పుస్తకం ఒకటి దూడ చర్మం మీద నకలు రాశాడు. దాని మైక్రోఫిల్ము చుట్ట చిన్న డబ్బాలో ఓడెక్కి మా యూనివర్సిటీ లైబ్రరీకి వచ్చింది. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో ఇంగ్లీషు చెబుతూ, డాక్టరేటు కోసం ఆ పుస్తకం మీద పనిచేసేదాన్ని నేను. క్లాసులు అయ్యాక బస్సెక్కి వెళ్ళి, కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గదిలో ఆ చుట్టని యంత్రానికి తగిలించి తిప్పేదాన్ని. ఫిల్ములో అంతా తిరగబడి ఉండేది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. కరెంటు పోతే తెర ఆరిపోయేది, అక్షరాలు మాత్రం కాసేపు కళ్ళ ముందే ఉండేవి.

స్టాఫ్ రూములో నన్ను ఆటపట్టించని వాళ్ళు లేరు. "బతికున్న ఇంగ్లీషే మన పిల్లలకి రావట్లేదు, ఆ చచ్చిన ఇంగ్లీషు ఎవరికండీ మేడం?" అని ఒకావిడ రోజూ అడిగేది. మా అమ్మ ఒక్క మాటతో తేల్చేసింది, చదవేస్తే ఉన్న మతి పోయిందని. నాకు మూతి విరుపెక్కువ. ఎవరికీ జవాబు చెప్పేదాన్ని కాదు. నిజానికి ఆ ప్రార్థనల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. నాకు కావలసింది ఆ రాసినవాడు. ఎక్కడ కలం సిరాలో ముంచాడో, ఎక్కడ వేళ్ళు నొప్పిపుట్టి అక్షరం వంకర పోయిందో, ఎక్కడ లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నాడో నేను చెప్పగలను. ఇంట్లో మనిషి అడుగుల చప్పుడు గుర్తుపట్టినట్టు అతన్ని గుర్తుపట్టేదాన్ని.

నకలు రాసేవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. ఏటా ఎం.ఏ. పిల్లలకు దాన్ని చెప్పేదాన్ని, కన్ను జారడం అని పేరు కూడా పెట్టాను. రాసేవాడు అసలు ప్రతిలో ఒక ముక్క చదువుతాడు. తల దించి రాస్తాడు. మళ్ళీ తలెత్తి, ఆపిన మాట కోసం వెతుకుతాడు. సరిగ్గా అదే మాట కింద ఇంకో వరుసలో కూడా ఉంటే కన్ను దాని మీద వాలుతుంది. అక్కణ్ణుంచి రాసుకుపోతాడు. మధ్యలో ఉన్నదంతా పోతుంది. పై వరుస తలకు కింది వరుస తోక అతుక్కుంటుంది, చదివితే అతుకు కూడా కనబడదు. "అందుకే వాడికి తెలియదు," అని బోర్డు మీద గీసి చూపించేదాన్ని. నాకు చాలా ఇష్టమైన పాఠం అది.

మా ఊరు చిలకలూరిపేటకు దక్షిణాన, మిరప చేల మధ్య. మా నాన్న అక్కడి గుడిలో ఉపదేశి. పాస్టరుగారు నెలకొకసారి వచ్చేవారు, మిగతా ఆదివారాలు, పెళ్ళిళ్ళ మాటలు, చావులు అన్నీ నాన్నే చూసేవాడు. ముప్ఫై ఏళ్ళు భూస్థాపన రిజిస్టరు ఆయన చేతుల్లో ఉంది. పేజీకి ఇరవై వరుసలు రూళ్ళకర్రతో గీసుకుని, మనిషికి ఒక వరుస రాసేవాడు. పేరు, ఎవరి బిడ్డ, వయసు, చనిపోయిన దినం. చివర కొంచెం చోటు మిగిలితే ఆ మనిషి గురించి ఒక మాట. అది రాయమని ఎవరూ చెప్పలేదు, ఆయన అలవాటు అంతే. "మంచి పాటగాడు." "ఇతనికి కోపము మెండు, పిల్లలన్న ప్రాణము." "ఆ దినము వాన, గుంటలో నీరు తోడితిమి." ఆ మాటలు పైకి ఎప్పుడూ చదివేవాడు కాదు.

పైకి చదివేది పేర్లే. నవంబరులో సమాధుల పండగ నాడు మా వాళ్ళంతా సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా సంఘంలో దానికి తోడు ఒక వాడుక ఉండేది. ఉపదేశి రిజిస్టరు మొదటి నుంచి పేర్లన్నీ చదువుతాడు. పేరు వినగానే ఆ ఇంటివాళ్ళు లేచి నిలబడతారు, తర్వాతి పేరు వినగానే కూర్చుంటారు. కూలి చేసుకునేవాళ్ళకు రాతి సమాధులు ఎక్కడివి? మట్టి దిబ్బ రెండు వానలకే నేలలో కలిసిపోతుంది. వాళ్ళకు ఏడాదికొకసారి వినబడే ఆ పేరే సమాధి. నేను నా ప్రార్థనల పుస్తకం గురించి చెప్పినప్పుడు నాన్న నవ్వాడు. "చచ్చినవాళ్ళ కోసం దేవుణ్ణి అడక్కూడదమ్మా. మనం అడగం. పేరు చెప్తాం, అంతే," అన్నాడు.

ఎనభైల మొదట్లో ఒక తుఫానుకు గుడి కప్పు కారి ఆ రిజిస్టరు తడిసింది. ఎండబెడితే అట్టలు ఊడాయి, మిగిలింది పురుగు పట్టింది. నాన్నకు చూపు ఆనడం లేదు. వేసవి సెలవుల్లో నేనే కొత్త పుస్తకంలోకి ఎత్తి రాస్తానన్నాను. నా పనే అది కదా. ఊళ్ళో కల్లాల మీద మిరపకాయలు ఆరబోసి ఉండేవి, ఆ ఘాటుకు దగ్గుకుంటూ, నెలరోజులు వసారాలో బల్ల వేసుకుని రాశాను. పేజీకి పేజీ, వరుసకు వరుస, నాన్న మాటలతో సహా. నాన్న పక్కన మంచం మీద పడుకుని, "అయ్యిందా ఆ పేజీ?" అని అడిగేవాడు. సరిచూద్దాం చదువు అని ఒకసారి అన్నాడు కూడా. "నేను రాశాక సరిచూసేదేముంటుంది నాన్నా?" అన్నాను.

ఆ సెప్టెంబరులో నాన్న పోయాడు. మా సంఘంలో ఉపదేశి పోతే ఆయన వాడిన బైబిలు తల కింద పెట్టి పెట్టె మూస్తారు. అమ్మ ఆ బైబిలు ఇవ్వనంది. రోజూ ఆయన వేలు పెట్టి చదివిన పుస్తకం, నేను పోయేదాకా నా దగ్గరే ఉంటుందని కొంగులో పెట్టుకు కూర్చుంది. పెద్దలు ఏం చేయాలా అని చూస్తుంటే, పాత రిజిస్టరు తెచ్చి ఆయన తల కింద పెట్టింది నేనే. ముప్ఫై ఏళ్ళు మోసిన పుస్తకం, నకలు ఎలాగూ ఉంది. అందరూ బాగుందన్నారు.

రెండు నెలలకు సమాధుల పండగ వచ్చింది. కొత్త ఉపదేశి నా పుస్తకం పట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. నేను ముందు చాప మీద అమ్మ పక్కన కూర్చున్నాను, నా అక్షరాలు అతను తడుముకోకుండా చదువుతుంటే కాస్త గర్వంగానే ఉంది. సగం దాటాక ఒక పేరు విని వెనక వరసలో ఒకామె లేచింది. మా పేటలోనే చివరి ఇంటామె, భర్త పోయాడు, పిల్లలు లేరు, మిరప కోతలకు కూలీల ముఠాలో వెళ్ళేది. తర్వాతి పేరు చదివారు. ఆమె కూర్చోలేదు. ఆ తర్వాతిదీ చదివారు. పక్కవాళ్ళు కొంగు పట్టి లాగారు. ఆమె కదల్లేదు. ఇంకా రెండు వందల పేర్లున్నాయి. చివరన నాన్న పేరు వచ్చి, నేనూ అమ్మా లేచినప్పుడు, వెనక్కి తిరిగి చూస్తే ఆమె ఇంకా నిలబడే ఉంది.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చింది. నేను ఆమెను అత్తా అని పిలిచేదాన్ని.

"ఏమ్మా, నా రెండో పిల్ల ఏదీ?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె గడపలో కూర్చుని గట్టిగానే చెప్పింది. ఇరవై ఏళ్ళ కిందట ఆమెకు కవల ఆడపిల్లలు పుట్టారట. ఒక్కరోజు బతికి ఇద్దరూ పోయారు. పేర్లు పెట్టలేదు, బాప్తిస్మం లేదు. మా నాన్న ఇద్దరికీ రెండు వరుసలు రాశాడు, ఏటా రెండుసార్లు చదివేవాడు. ఫలానావారి కుమార్తె అని ఒకసారి, ఫలానావారి కుమార్తె అని మళ్ళీ. "నేను లేచేదాన్ని, కూర్చునేదాన్ని, మళ్ళీ లేచేదాన్ని. నిన్న ఒక్కసారే చదివారు. రెండోది వస్తుందేమోనని నిలబడ్డా."

ఆ రోజుల్లో నేను గుంటూరు హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. ఆ పిల్లల సంగతే నాకు తెలియదు. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చింది. నెలరోజులు నడుం పడిపోయేలా రాస్తే, అక్షరం ముక్క రాని మనిషి వచ్చి తప్పంటోందని.

"లేదత్తా, నేను అక్షరం పొల్లుపోకుండా రాశాను. నువ్వే ఏదో పొరపాటు పడుతున్నావు. నాన్న ఒకే వరుస రాశాడు," అన్నాను.

"మీ నాన్న చదివేవాడమ్మా."

"ఉంటే రాసేదాన్ని కదా."

ఆమె సంఘ పెద్దల దగ్గరకూ వెళ్ళింది. ముసలివాళ్ళలో ఒకరు ఇద్దరేనన్నారు, ఇంకొకరు ఒక్కతేనన్నారు. పేటలో ఎన్ని ఇళ్ళలో ఎంతమంది పసివాళ్ళు పోలేదు, ఎవరికి గుర్తు? మంత్రసాని లేదు, ఆమె అత్త లేదు. పెద్దలు పుస్తకం తెరిచి చూశారు. "పంతులమ్మ డాక్టరు చదువు చదువుతోంది. ఆమె రాసిందాంట్లో తప్పుండదు," అని తేల్చారు. ఈ మాట మా అమ్మ నాతో మెచ్చుకోలుగా చెప్పింది. నేనూ మెచ్చుకోలుగానే విన్నాను.

మరుసటి ఏడు పండగకు ఆమె వచ్చింది. పేరు విని లేచింది, తర్వాతి పేరుకు అందరిలాగే కూర్చుంది. హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కానీ ఆ రెండేళ్ళూ నాకు ఒకటి జరిగేది. నల్లగుడ్డ కట్టిన గదిలో ఫిల్ము తిప్పుతుంటే, నా వెనక ఎవరో నిలబడ్డట్టుండేది. తిరిగి చూస్తే కుర్చీ, గోడ. క్లాసులో హాజరు తీసుకుంటుంటే, పిలిచిన పిల్ల పలికి కూర్చున్నా ఇంకెవరో కూర్చోకుండా మిగిలిపోయారనిపించి తలెత్తి చూసేదాన్ని. నాన్న పోయిన దిగులు అనుకున్నాను. దయ్యాలను నమ్మే మనిషిని కాను.

నా సిద్ధాంత వ్యాసం చివరికొచ్చింది. ఆ ప్రార్థనల పుస్తకానికే మరో నకలు వేరే లైబ్రరీలో ఉంటే, దాని ఫోటోలు తెప్పించి రెండిటినీ పక్కపక్కన పెట్టి సరిచూస్తున్నాను. ఒకచోట, ప్రార్థన చేయవలసిన మృతుల జాబితాలో, నా లేఖకుడు వరుసగా ఏడుగురిని వదిలేశాడు. పైన ఒకరి పేరు ముందూ కింద ఒకరి పేరు ముందూ ఒకే మాటలున్నాయి. కన్ను జారింది. ఆరేళ్ళకు దొరికాడు కదా అని పొంగిపోయాను. కాగితం తీసుకుని, ఇక్కడ ఈ లేఖకుడు కునికిపాట్లు పడుతున్నట్టున్నాడు అని ఎగతాళిగా ఒక వాక్యం రాశాను. తర్వాత రాసింది ఇది. ఏడుగురు మనుషులు ఇతని చేతిలో రెండోసారి చనిపోయారు.

ఆ వాక్యానికి చుక్క పెట్టలేకపోయాను. ఫలానావారి కుమార్తె. ఫలానావారి కుమార్తె. ఒకే తండ్రి, ఒకే తల్లి, ఒకే దినం, ఒకే వయసు. ఒకదాని కింద ఒకటి. గురివింద గింజ తన నలుపెరగదని చిన్నప్పుడు నాన్న నన్ను ఎన్నిసార్లన్నాడో.

అప్పుడే గుర్తొచ్చింది నేను కొట్టిన గీత. రాసేటప్పుడు ఒక పేజీ చివర ఒక వరుస ఖాళీ మిగిలింది. నాన్న వదిలేశాడు కాబోలనుకున్నాను. ఖాళీ ఉంటే రేపెవరైనా దొంగ రాత రాస్తారని, పెద్ద తెలిసినదానిలా, ఆ ఖాళీ మీద రూళ్ళకర్ర పెట్టి సిరాతో గీత కొట్టాను.

సాయంత్రం బస్సుకే ఊరికెళ్ళాను. ఉపదేశి ఇంట్లో పుస్తకం తీసుకుని ఆ పిల్ల వరుస ఉన్న పేజీ తెరిచాను. ప్రతి పేజీకీ ఇరవై వరుసలు. ఆ పేజీకి పందొమ్మిది, కింద ఒక గీత. అసలు చూద్దామంటే అది మా నాన్న తల కింద ఉంది. అక్కడ పెట్టిన చేతులు నావి. సరిచూద్దాం చదువమ్మా అని ఆయన అడిగింది చెవిలో వినబడుతుంటే ఆ రాత్రి కూర్చోలేకపోయాను, పడుకోలేకపోయాను.

పొద్దున రిజిస్టరు గుడ్డలో చుట్టుకుని చేలకెళ్ళాను. మార్చి నెల, రెండో కోత జరుగుతోంది. ముఠా ఆడవాళ్ళు వరసగా వంగి కోస్తున్నారు. ఆమె చివరి సాలులో ఉంది. నేను గట్టు దిగి ఆమె పక్కకెళ్ళి, తిన్నగా చెప్పేశాను. తప్పు నాదని, ఇద్దరని, ఒక వరుస నేను మింగేశానని.

ఆమె కోత ఆపలేదు. నాలుగు చెట్లు అయ్యాక అంది, "అయితే ఇద్దరే."

"ఇద్దరే అత్తా."

"మొదట నీ మీద కోపం వచ్చింది. తర్వాత నాకే అనుమానం వచ్చింది. పెద్దది పుట్టగానే నా పక్కలో పెట్టారు, చూశా. రెండోది పుట్టేసరికి నాకు సంధి కొట్టింది. మూడోనాటికి గానీ తెలివి రాలా. అప్పటికి ఇద్దర్నీ తీసకపోయారు. చిన్నదాని మొహం నేను చూళ్ళేదమ్మా. ఇద్దరని మా అత్త చెప్పింది, మీ నాన్న చదివాడు, అంతే. నువ్వంత చదువుకుని లేదంటివి. నన్ను ఓదార్చడానికో ఎందుకో మా అత్త అబద్ధం చెప్పిందేమోలే అనుకున్నా. రెండేళ్ళ నుంచి చిన్నదాన్ని తలుచుకోడం మానేశా."

నేను ఏడ్చాను. ముఠా వాళ్ళు చూస్తున్నా ఏడ్చాను. క్షమించమని అడిగాను. ఆమె పక్క చెట్టుకు జరిగింది.

"మీ నాన్న పేర్లు కాక ఇంకేదో రాసేవాడంట గదా. పెద్దదానికేం రాశాడు, చదువు," అంది.

గుడ్డ విప్పి చదివాను. "ఫలానావారి కుమార్తె. బాప్తిస్మము లేదు. ఒక దినము. తల నిండ నల్లని జుట్టు, నుదుట పడుచున్నది."

ఆమె చేతులాగాయి. నడుం ఎత్తి నిలబడింది.

"జుట్టా?"

"అవునత్తా."

"పెద్దదానికి జుట్టెక్కడిదమ్మా? సొరకాయలా నున్నగా ఉండేది. ఈ చేత్తో నిమిరా."

నేను ఆ వరుస వంక చూస్తూ నిలబడిపోయాను. పై వరుస తల, కింది వరుస తోక. ఏటా బోర్డు మీద గీసి చెప్పిన పాఠం. పుస్తకం రాత్రంతా నా దగ్గరే ఉన్నా నాకు తట్టలేదు, అక్షరం రాని ఆమె ఒక్క మాటలో పట్టుకుంది. నా కన్ను జారింది పెద్దదాని సగం వరుస దగ్గర. అక్కణ్ణుంచి నేను రాసింది చిన్నదాని గురించి. పోయింది పెద్దదాని మాట.

"అత్తా, ఈ జుట్టు చిన్నదానిది," అన్నాను. "నాన్న చిన్నదాన్ని చూసి రాసిన మాట ఇది."

ఆమె కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. మిరప కోసిన చేతులు, కళ్ళ దగ్గరకు పోనివ్వకూడదు. రెండు చేతులూ ఒంటికి దూరంగా పట్టుకుని అలాగే నిలబడింది, నీళ్ళు గడ్డం మీంచి కారుతుంటే తుడుచుకోలేదు. నా కొంగుతో తుడవబోతే వద్దని తల తిప్పింది.

"మళ్ళీ చదువు."

చదివాను. మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి నాకంటే ముందే ఆ మాట అంది, నుదుట పడుచున్నది అని, మా నాన్న రాత భాషలోనే.

"పెద్దదానికేం రాశాడో మాత్రం నా వల్ల పోయింది అత్తా," అన్నాను. "అది ఇక దొరకదు."

ఆమె గట్టు మీద కూర్చుని, నన్నూ కూర్చోమంది. ఆ గీత ఎక్కడుందో చూపించమంది, చూపించాను. నా దగ్గర కలముందా అని అడిగింది.

"పెద్దదాన్ని నేను చూశాగా. నే చెప్తా, దాని మీద రాయి," అంది. "ఈసారి ఒక్క ముక్క కూడా వదలమాక."